మేస్త్రిగారి అడ్రసు



ఇంట్లో గీజరు పాడైతే ఎవరిని పిలవాలన్న ప్రశ్నకు ఒకప్పుడు పక్కింట్లోనే జవాబు దొరికేది. అక్కడ దొరక్కపోతే వీధి మొదట్లో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. గల్లాపెట్టె ముందు కూర్చున్నాయన గోడమీద పెన్సిలుతో రాసుకున్న నంబర్లలోంచి ఒకటి చెప్పి, ‘నా పేరు చెప్పండి, వచ్చి చేస్తాడు’ అని పంపించేవాడు. ఆ షాపు ఇప్పటికీ ఉంది, గోడమీద నంబర్లూ ఉన్నాయి. కాని వీధిలో సగం ఇళ్లలో కొత్తవాళ్లు. బదిలీమీద వచ్చినవాళ్లు, నిన్నమొన్న అద్దెకు దిగినవాళ్లు, పక్కింటి తలుపు ఒక్కసారీ తట్టనివాళ్లు. వాళ్లు ముందు ఫోను తీస్తారు. ‘దగ్గరలో గీజర్ రిపేర్’ అని అడుగుతారు. టైపు చేయడం కూడా ఎందుకని నోటితోనే అడిగేవాళ్లు బోలెడంతమంది. ఫోను ముగ్గురు నలుగురి పేర్లు చూపిస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆ పేటలోనే గీజర్లు బాగుచేస్తున్న మేస్త్రిగారి పేరు అందులో ఉండదు.

ఆయన పనికి వంక పెట్టేదేమీ లేదు. ఆయన ఫలానా చోట ఉన్నాడని ఫోనుకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ చెప్పడం గురించే. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, ఏసీ మెకానిక్కులు, మోటారు వైండింగ్ చేసేవాళ్లు, టైలర్లు, మగ్గం వర్కు చేసే ఆడవాళ్లు, సెలూన్లు, టెంట్ హౌసులు, ట్యూషన్లు చెప్పేవాళ్లు... ఇలా చేతిలో ఉన్న పనినే నమ్ముకుని బతికేవాళ్లందరికీ అక్కరకొచ్చే సంగతి. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఖర్చు లేదు కదా అని కొందరు సగం చేసి వదిలేస్తారు. ఖర్చు లేదని తెలియక ఇంకొందరు డబ్బు పోగొట్టుకుంటారు. రెండూ చెబుతాను.

టెలిఫోన్ డైరెక్టరీలో పసుపుపచ్చ పేజీలు తిరగేసినవాళ్లు శ్రోతల్లో ఉండే ఉంటారు. తర్వాత 1996లో జస్ట్‌డయల్ మొదలైంది. ఫోన్ చేసి అడిగితే ఫలానా పని చేసేవాళ్ల నంబర్లు చెప్పేవారు. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చింది. మన వీధులకు, సందులకు అప్పట్లో సరైన డిజిటల్ పటం దొరకడం కష్టంగా ఉండేది. ఎవరి వీధి వాళ్లే గీసుకోండి, ఎవరి గుడి, ఎవరి బడి వాళ్లే గుర్తు పెట్టుకోండి అని జనం చేతికే ఆ పని అప్పగిస్తూ 2008లో మ్యాప్ మేకర్ అనే సదుపాయం తెచ్చారు. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడు లలితేష్ కట్రగడ్డ. ఇంటిపేరు వింటే మనవాడని వేరే చెప్పక్కర్లేదు. 2017లో మ్యాప్ మేకర్‌ను మూసేసి, ఆ పనులను గూగుల్ మ్యాప్స్‌లోనే కలిపేశారు. వ్యాపారులు తమ వివరాలు తామే నమోదు చేసుకునే పద్ధతి గూగుల్ మై బిజినెస్ అన్న పేరుతో 2014లో వచ్చింది, 2021 నవంబరు నుంచి దాని పేరు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్.

ఈ పాత కథ ఎందుకంటే, ఆ పటాన్ని జనం నింపారన్న సంగతిలో ఒక మెలిక ఉంది. ఇవాళ్టికీ ఎవరైనా సరే మీ షాపు పేరు నొక్కి, ‘ఇది మూతబడింది’ అనో, ‘నంబరు మారింది’ అనో సూచన పంపవచ్చు. మీరు పట్టించుకోకపోతే ఒక్కోసారి ఆ మార్పు అమల్లోకి వచ్చేస్తుంది కూడా. బ్యాంకు శాఖల ఫోన్ నంబర్లు తీసేసి మోసగాళ్లు తమ నంబర్లు పెట్టిన కేసులు కొన్నేళ్ల కిందట మహారాష్ట్రలో బయటపడ్డాయి. బ్యాంకులకే తప్పనిది మోటారు వైండింగ్ షాపును వదులుతుందా? అందుకని ఒకసారి నమోదు చేసి మరిచిపోయే వ్యవహారం కాదిది. నెలకోసారి మీ పేరు మీరే వెతికి చూసుకోవాలి.

సరే, వెతికినవాళ్లకు ఎవరి పేరు ముందు చూపించాలో ఎలా తేలుస్తారు? గూగుల్ బాహాటంగా చెప్పే లెక్క మూడు సంగతుల మీద ఆధారపడుతుంది. అడిగిన పనికీ మీరు చేసే పనికీ పొంతన ఉందా, అడిగినవాళ్లకు మీరు ఎంత దగ్గరలో ఉన్నారు, మీ పేరు నలుగురికీ ఎంత తెలుసు. డబ్బు కట్టి ఈ వరసలో పైకి వెళ్లే దారి లేదని కూడా వాళ్లే చెబుతున్నారు. ప్రకటనలు వేరే ఉంటాయి, వాటి మీద స్పాన్సర్డ్ అన్న మాట కనిపిస్తుంది. నేను చెబుతున్నది దాని కింద కనిపించే మామూలు వరస గురించి.

ఆ మూడింటిలో దూరం అన్నది చిన్నవాడికి కలిసొచ్చే అంశం. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడి ఏసీ మెకానిక్కు కోసం వెతికేవాడికి, ఎంత పెద్ద కంపెనీ అయినా ఊరవతల ఉంటే, పక్క వీధిలో ఉన్న మీ తర్వాతే కనబడే అవకాశం ఉంది. హోర్డింగులు పెట్టే స్తోమత ఉన్నవాళ్లు కూడా తమ ఆఫీసును ప్రతి పేటలోకీ జరుపుకోలేరు కదా! హైదరాబాదు మొత్తానికి మొదటి పేరు కావాలనుకోవద్దు. మీ బండి మీద పావుగంటలో చేరగల నాలుగు కాలనీల్లో కనిపిస్తే ఏడాది పొడుగునా చేతినిండా పని ఉంటుంది.

ఇక పేరు దగ్గరికి వద్దాం. బోర్డు మీద ఏముందో, బిల్లు పుస్తకం మీద ఏముందో అదే రాయాలి. ‘శ్రీ వేంకటేశ్వర ఎలక్ట్రికల్స్’ అయితే అంతే. దాని వెనక ‘బెస్ట్ ఏసీ ఫ్రిజ్ గీజర్ వాషింగ్ మెషిన్ రిపేర్ ఇన్ గుంటూరు’ అని తగిలించమని సలహా ఇచ్చేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. కొంతకాలం అది పనిచేసినట్టే కనిపిస్తుంది కూడా. కాని అది నిబంధనలకు విరుద్ధం. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, సాధారణంగా పక్క షాపాయనే చేస్తాడు, ప్రొఫైల్ నిలిపేస్తారు. అందులో మీరు పోగేసుకున్న మంచి మాటలన్నీ దాంతోపాటే కనబడకుండా పోతాయి. ఏయే పనులు చేస్తారో చెప్పడానికి వేరే చోటుంది. ముఖ్యమైన విభాగం ఒకటి, దానికి తోడు మరో 9 దాకా ఎంచుకోవచ్చు. 750 అక్షరాల్లో మీ గురించి రాసుకోవచ్చు. అక్కడ ‘నాణ్యతకు మారుపేరు’ లాంటి మాటలతో చోటు వృథా చేయకండి. ఏ కంపెనీ ఏసీలు విప్పుతారో, గ్యాస్ నింపుతారో లేదో, ఇంటికొచ్చి చూడ్డానికి ఎంత తీసుకుంటారో, పని మీకే అప్పగిస్తే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తారో లేదో రాయండి. ఫోన్ చేసేవాళ్లు అడిగేవి అవే.

చిరునామా మన దగ్గర పెద్ద తలనొప్పి. హైదరాబాదులో పాత మున్సిపల్ నంబర్లు అడ్డగీతలు, పక్కగీతలు కలిపి ఒక లెక్కల పుస్తకంలా ఉంటాయి, పక్కపక్క ఇళ్ల నంబర్లకు ఒకదానికొకటి సంబంధం కనబడదు. మనం చెప్పుకునేదేమో ‘ఆంజనేయస్వామి గుడి వెనక, రేషన్ షాపు పక్క సందు’ అని. ఫోనుకు కావలసింది ఈ రెండూ కాదు, పటం మీద చుక్క. ఆ చుక్క మీ గుమ్మం మీద పడాలి, వెనక వీధిలో పడకూడదు. నమోదు చేసేటప్పుడు వేలితో జరిపి సరిగ్గా పెట్టవచ్చు. చుక్క సరిగా ఉంటే డోర్ నంబరు కాస్త అటూ ఇటైనా కస్టమరు వచ్చేస్తాడు. ఈ అవస్థ తపాలా శాఖకూ తెలుసు. ఐఐటీ హైదరాబాదు, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తోడ్పాటుతో దేశంలో ప్రతి నాలుగు మీటర్ల చదరానికీ ఒక 10 అక్షరాల గుర్తింపు వచ్చేలా 2025లో డిజిపిన్ అనేదాన్ని తీసుకొచ్చింది. అది వాడుకలోకి వచ్చేదాకా మన చుక్క మనమే సరిచూసుకోవాలి.

పనివేళల గురించి ఒక మాట. మన ఊళ్లలో చాలాచోట్ల సెలూన్లకు మంగళవారం సెలవు. ఇది ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు తెలుసు, ఫోనుకు తెలియదు. వారంలో ఏడు రోజులూ తెరిచే ఉంటుందని ప్రొఫైల్‌లో పెట్టేసిన సెలూన్లు ఎన్ని ఉన్నాయో! ఎక్కడి నుంచో వచ్చి ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు మంగళవారం పొద్దున ఫోను చూసి, ఆటో ఎక్కి వచ్చి, దించిన షట్టరు చూసి వెళ్తాడు. వెళ్తూ వెళ్తూ ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చి వెళ్తాడు. క్షవరం చేయించుకోకుండానే! అమావాస్యనాడు పని పెట్టుకోనివాళ్లు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లి 4 గంటలకు తిరిగొచ్చేవాళ్లు, సంక్రాంతికి మూడు రోజులు సొంతూరు వెళ్లేవాళ్లు, అదంతా అందులో పెట్టవచ్చు. పండగ రోజులకు వేరే వేళలు పెట్టుకునే వీలుంది. తెరిచి ఉన్నామని అబద్ధం చెప్పడం కంటే మూసి ఉన్నామని నిజం చెప్పడం వల్లనే గిరాకీ నిలుస్తుంది.

ఫోన్ నంబరు విషయంలో మరీ జాగ్రత్త. బోర్డు మీద ఒకటి, కార్డు మీద ఇంకొకటి, డైరెక్టరీల్లో ఆరేళ్ల కిందటిది ఉంటే నష్టం మీదే. వాడకుండా వదిలేసిన మొబైల్ నంబరును 90 రోజుల గడువు తర్వాత కంపెనీలు మరొకరికి ఇవ్వవచ్చు. అంటే మీ పాత నంబరుకు ఫోన్ చేసి ‘మోటారు కాలిపోయిందండీ’ అని ఎవరైనా అంటే, అది వినేది ఏ కాలేజీ అమ్మాయో కావచ్చు. నంబరు మార్చిన రోజే అన్నిచోట్లా మార్చేయాలి.

ఇప్పుడు ఇంట్లోంచి పని చేసుకునే ఆడవాళ్ల సంగతి. ఈ విషయంలో అందరికంటే ఎక్కువ లాభం పొందగలిగేదీ, ఎక్కువ వెనకాడేదీ వీళ్లే. మగ్గం వర్కు, బ్లౌజులు కుట్టడం, పెళ్లికూతుళ్లను ముస్తాబు చేయడం, మెహందీ, పిల్లలకు ట్యూషన్, ఇవన్నీ ముందు గదిలోనో పై వాటాలోనో జరిగే పనులు. బోర్డు పెట్టుకోవడానికి ఇంటి ఓనరు ఒప్పుకోకపోవచ్చు. తన ఇంటి అడ్రసు, తన నంబరు ఊరందరికీ కనపడటం ఆమెకే ఇష్టం లేకపోవచ్చు. ఆ భయం న్యాయమైనది. దానికి ఉపాయం ఉంది. చిరునామా దాచిపెట్టి, ‘ఫలానా ఫలానా పేటల్లో పని చేస్తాను’ అని మాత్రం చూపించే పద్ధతి ఒకటుంది. 20 ప్రాంతాల దాకా పెట్టుకోవచ్చు. ఇంటికి కస్టమర్లు రారు, మేమే వెళ్తాం అనే ప్లంబరుకూ, ఎలక్ట్రీషియనుకూ కూడా ఇదే సరైన పద్ధతి. నంబరు విషయానికొస్తే, పనికోసం వేరే సిమ్ తీసుకుని దానిమీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. 2018లో వచ్చిన ఈ యాప్ కూడా ఉచితమే. రాత్రి 8 తర్వాత ఎవరు మెసేజ్ పెట్టినా ‘రేపు ఉదయం 10 గంటలకు జవాబిస్తాను’ అని దానంతట అదే చెప్పేలా పెట్టవచ్చు. ఆ వేళకు ఫోను పక్కన పడేసి పిల్లలకు అన్నం పెట్టుకోవచ్చు.

మగ్గం వర్కుకు ఫోటోలే ప్రాణం. అయితే ఇంటర్నెట్టులో దొరికిన సినిమా తార బ్లౌజు ఫోటో పెట్టి, అలా చేస్తామనడం మాత్రం వద్దు. కస్టమరు అదే కావాలంటుంది, మీరు చేసింది దాని పక్కన పెట్టి చూస్తుంది. మీ చేత్తో చేసినదాన్నే పగటి వెలుతురులో, కిటికీ పక్కన పెట్టి తీయండి. కుట్టు దగ్గరగా కనబడాలి. వెనకవైపు ముడులు కూడా ఒక ఫోటో తీసి పెట్టండి, పని తెలిసిన కస్టమర్లు అదే చూస్తారు. శ్రావణమాసం, పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యాక ఫోటోలు తీసే తీరిక ఎలాగూ ఉండదు. ఆషాఢంలో పని తగ్గుతుంది కదా, ఈ పనులన్నీ అప్పుడు పెట్టుకోవాలి. ఏసీ మెకానిక్కుకు ఆ ఖాళీ చలికాలంలో వస్తుంది. ఏప్రిల్లో నమోదు చేద్దామని కూర్చుంటే మే నెల చేజారిపోతుంది.

నమోదు చేశాక, నిజంగా అక్కడ ఆ పని జరుగుతోందా అని అడుగుతారు. ఇదివరకు పోస్టులో ఒక కార్డు పంపి, అందులోని కోడ్ చెప్పమనేవారు. ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. వీధి, షాపు బోర్డు, పనిముట్లు, మీ చేత్తో షట్టరు తాళం తీయడం, ఇవన్నీ ఆపకుండా ఒకే వీడియోలో చూపించాలి. ఇంటింటికీ తిరిగి చేసేవాళ్లయితే బండి, పనిముట్ల సంచి, పేరున్న బిల్లు పుస్తకం చూపించవచ్చు. దీనికి కంగారు పడనక్కర్లేదు. సినిమా తీయమనడం లేదు.

ఇక కస్టమర్లు రాసే అభిప్రాయాలు, మనందరం రివ్యూలు అంటున్నవి. ‘నా గురించి నాలుగు మంచి మాటలు రాయండి’ అని అడగడానికి మనకు మొహమాటం. పనివాడు తన గొప్ప తాను చెప్పుకోకూడదని పెంపకం. అయినా అడగాలి, అడిగే సమయం ఒకటుంది. ట్యాంకు నిండి కొళాయిలో నీళ్లు దూకినప్పుడు, ఏసీ చల్లగా వీచినప్పుడు, ఆ ఇంటావిడ మొహంలో తేటదనం కనిపించినప్పుడు, ఆ నిమిషంలోనే ‘అమ్మా, పని నచ్చితే రెండు ముక్కలు రాయండి’ అని లింకు పంపాలి. మర్నాడు అడిగితే రాయరు. రాసినవాళ్లకు యాభై రూపాయలు తగ్గిస్తాననడం, బావమరిది చేతా తోడల్లుడి చేతా ఐదేసి స్టార్లు పెట్టించడం, ఈ రెండూ నిబంధనలు ఒప్పుకోవు. దొంగ రివ్యూల గొడవ ఎంతగా ముదిరిందంటే భారత ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ రివ్యూల కోసమే ఒక ప్రమాణం తేవలసి వచ్చింది. దాని పేరు ఐఎస్ 19000. నలభై రివ్యూలు ఒకే వారంలో వచ్చి, అన్నింటిలో ‘సూపర్ సర్వీస్’ అనే ఉంటే చదివేవాళ్లకే అనుమానం వస్తుంది. దానికంటే ‘మా అమ్మగారింట్లో సంపు మోటారు రెండోసారి కాలిపోతే వచ్చి, వైండింగ్ తప్పు కాదు, వోల్టేజీ తప్పని చెప్పి డబ్బు తీసుకోకుండా వెళ్లాడు’ అని ఎవరో ఒక్కరు రాసినది చాలు.

చెడ్డ మాట కూడా వస్తుంది. రాకుండా ఎవరికీ ఉండదు. దానికి జవాబు రాయండి, కోపం చల్లారాక రాయండి. ‘ఆ రోజు ఆలస్యమైన మాట నిజమేనండి. ముందు ఇంట్లో పని ఎక్కువైంది. మళ్లీ వచ్చి చూస్తాను, దానికి డబ్బు వద్దు.’ ఈ మూడు ముక్కలు ఆ కస్టమరు చదవకపోయినా, రేపు మిమ్మల్ని పిలవాలా వద్దా అని ఆలోచిస్తున్న ఇంకొకరు చదువుతారు. వాదన పెట్టుకుంటే అదీ చదువుతారు.

ఇంత చేసినా ఫోను ఎత్తకపోతే అంతా వృథా. ఈ మాట నేను కాస్త గట్టిగానే చెబుతాను. మన సేవల రంగంలో జబ్బు పనితనానికి సంబంధించినది కాదు, ఫోనుకు సంబంధించినది. ఫోనులో పేర్లు చూసినవాళ్లు ఒక్కరికే ఫోన్ చేసి ఊరుకోరు. వరసగా ముగ్గురికి చేస్తారు. ‘వస్తానండి, సాయంత్రం 5కి వస్తాను, చూడ్డానికి ఇంత తీసుకుంటాను’ అని ముందుగా ఎవరు అన్నారో పని వాళ్లకే. నిచ్చెన మీద ఉన్నవాడు ఫోనెత్తలేడు, నిజమే. కిందికి దిగగానే తిరిగి చేయాలి. లేకపోతే ఇంట్లోవాళ్లకు ఆ ఫోను అప్పగించి, పేరు, పేట, ఏం పాడైందో రాసుకోమనాలి. ఇక రెండో జబ్బు ‘దార్లో ఉన్నానండి’. ఇంట్లో టిఫిన్ తింటూ చెప్పే ఈ మాటను తెలుగునాట అందరూ నమ్మడం మానేసి చాలాకాలమైంది. గంట ఆలస్యమవుతుందంటే ఒప్పుకుంటారు. దార్లో ఉన్నానంటే ఒప్పుకోరు.

ఈ ఫోన్లలో ఒక రకం చాలా దూరం నుంచి వస్తుంది. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు తెనాలిలోనో, నిజామాబాదులోనో, భీమవరంలోనో ఉంటారు. అమ్మ ఫోన్లో మాటల మధ్య ‘బాత్రూములో నీళ్లు కారుతున్నాయిరా’ అంటుంది. కొడుకు డాలస్‌లో కూర్చుని తెనాలిలో ప్లంబరు కోసం వెతుకుతాడు. అతనికి పక్కింటివాళ్లూ తెలియదు, ఎలక్ట్రికల్ షాపాయనా తెలియదు. ప్రొఫైల్‌లో రాసిందే ఆధారం. వేసవిలో అక్కడ రాత్రి 9 గంటలంటే మనకు మర్నాడు ఉదయం 7:30. ఆ వేళకు వాట్సాప్‌లో జవాబు ఇస్తే, పని కాకముందు ఒక ఫోటో, అయ్యాక ఒక ఫోటో పంపిస్తే, ఆ కొడుకు ఇక ఇంకొకరిని వెతకడు. అమెరికాతో సహా కొన్ని దేశాల్లో ఉన్న మనవాళ్లు అక్కడి నంబరుతోనే, ఇక్కడి ఎన్నారై ఖాతా నుంచి యూపీఐలో డబ్బు పంపేందుకు 2023లో దారి తెరిచారు. బేరం కూడా పెద్దగా ఉండదు. తల్లికి పెద్దావిడని మర్యాద చూపించి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పని అయ్యాక నేల తుడిచి వెళ్తే చాలు, ఆవిడే కాలనీ అంతా చెబుతుంది.

ఇప్పుడు మోసాలు. నమోదైన వారం తిరక్కుండా ఫోన్లు మొదలవుతాయి. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ లిస్టింగు రద్దవుతుంది, ఇంత కట్టండి’ అంటారు. ప్రొఫైల్ పెట్టుకోవడానికీ, ఉంచుకోవడానికీ రుసుము లేదు. ఓటీపీ అడిగినా, ఫోనులో వచ్చిన కోడ్ చెప్పమన్నా ఫోన్ పెట్టేయండి. రెండో రకం, మీ బదులు నమోదు చేసిపెట్టే ఏజెంటు. చేతకాక సాయం తీసుకోవడం తప్పు కాదు, శ్రమకు డబ్బివ్వడం తప్పు కాదు. కాని అతను తన జీమెయిలుతో మీ ప్రొఫైల్ తెరిస్తే, మీ ఇంటి పట్టా అద్దెకున్నవాడి పేరున రాయించినట్టే. రేపు అతనితో తేడా వస్తే మీ పేరు, మీ ఫోటోలు, మీ కస్టమర్లు రాసిన మాటలు అన్నీ అతని చేతిలో ఉంటాయి. జీమెయిలు మీది కావాలి, పాస్‌వర్డ్ మీ దగ్గరుండాలి. అవతలివాళ్లను మేనేజరుగా చేర్చుకునే సదుపాయం ఉంది, అవసరం తీరాక తీసేయవచ్చు.

మూడోది అన్నింటికంటే ప్రమాదం. ‘ఆర్మీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నాం, ఇరవై ఏసీలకు సర్వీసింగ్, అడ్వాన్స్ పంపుతాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. యూనిఫాం వేసుకున్న ఫోటో, గుర్తింపు కార్డు కూడా పంపిస్తారు. పెద్ద ఆర్డరు వచ్చిందన్న సంబరంలో పిన్ కొడతారు, ఖాతా ఖాళీ అవుతుంది. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. అలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ ఉంటుంది.

గూగుల్ ఒక్కటే కాదు. జస్ట్‌డయల్, సులేఖ, ఇండియామార్ట్, మన దేశపు పటం మ్యాపుల్స్, ఐఫోన్లవాళ్లు చూసే ఆపిల్ పటం, మైక్రోసాఫ్ట్‌వారి బింగ్, వీటన్నింటిలోనూ ఉచితంగా పేరు చేర్చుకోవచ్చు. ఒకసారి చేర్చి, అన్నిచోట్లా అదే పేరు, అదే నంబరు ఉంచండి. డైరెక్టరీ సంస్థలు డబ్బు కట్టే పథకాలు కూడా అమ్ముతాయి. ఒకే కస్టమరు నంబరును ఎంతమందికి ఇస్తారు, నెలనెలా ఖాతాలోంచి వాయిదా తీసుకునే అనుమతి మీద సంతకం పెట్టిస్తున్నారా, మధ్యలో మానుకోవచ్చా, ఈ మూడూ అడక్కుండా సంతకం చేయవద్దు. నన్నడిగితే, ఉచితంగా దొరికేదాన్ని ఆరు నెలలు సరిగ్గా నడిపి చూసేదాకా డబ్బు కట్టే పథకం జోలికి వెళ్లనక్కర్లేదు.

అందరికీ ఇది ఒకేలా పనిచేయదు. రెండు వందల గడప ఉన్న పల్లెలో మోటారు మెకానిక్కు ఎవరో అందరికీ తెలుసు, అక్కడ దీనివల్ల ఒరిగేది తక్కువ. అడ్డా మీద నిలబడి రోజుకూలీకి వెళ్లే తాపీ పనివాళ్లకు ఇది పనికిరాదు, వాళ్లకు కావలసినవి వేరు. టౌన్లకూ, నగరాల శివార్లలో కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లకూ ఇది బాగా పనిచేస్తుంది. అక్కడ ఒక ఇంట్లో మంచి పని చేస్తే ఆ బ్లాకు వాట్సాప్ గ్రూపులో మీ పేరు సాయంత్రానికే తిరుగుతుంది.

ఇంతవరకూ పనివాళ్లకు చెప్పాను. వింటున్నవాళ్లలో ఎక్కువమంది పని చేయించుకునేవాళ్లే అయ్యుంటారు. మీకొక మనవి. ఈసారి మీ ఇంటికొచ్చిన మేస్త్రి పని శుభ్రంగా చేసి వెళ్తే, డబ్బిచ్చి తలుపేసుకోకండి. ఆయన పేరు వెతికి, ఏ పేటలో, ఏ పని, ఎంతకు చేశాడో మూడు వాక్యాలు తెలుగులోనే రాయండి. ఆయనకు ఇంకా ప్రొఫైల్ లేకపోతే, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, మీ ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేత, ఆయన సొంత జీమెయిలుతో, ఒకటి పెట్టించండి.